చదవలేని చీటీ

ప్రపంచ సినిమా

మంచి జీతం, సొంత గది, గదిలో టీవీ. ఇంత బాగా చూసుకున్న కుటుంబం మీదే పనిమనిషి తుపాకీ ఎందుకు ఎత్తింది? మూడు దశాబ్దాలు దాటినా సమాధానం కోసం ప్రేక్షకుణ్ని వెంటాడుతూనే ఉన్న ఫ్రెంచి సినిమా... 'లా సెరిమొనీ'.

పనిమనిషి కావాలి. వంట బాగా రావాలి. ఇల్లు అద్దంలా ఉంచాలి. ఎదురు మాట్లాడకూడదు. ఊరికి దూరంగా, విసిరేసినట్టున్న బంగళాలో ఉండటానికి ఒప్పుకోవాలి. అలాంటి మనిషి దొరికితే ఏ ఇల్లాలైనా ఏం చేస్తుంది? ఎగిరి గంతేస్తుంది.

క్యాథరిన్ కూడా అదే చేసింది. సోఫీ అనే అమ్మాయిని ఓ కెఫేలో కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగింది. పాత యజమాని ఇచ్చిన సిఫారసు ఉత్తరం చూసింది. జీతం మాట్లాడుకుంది. ఫలానా రోజు రైలు దిగు, కారులో తీసుకెళ్తాను అంది. అన్నీ అడిగింది కానీ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. ఆమెకే కాదు, ఆ దేశంలో ఎవరికీ అడగాలని తోచని ప్రశ్న అది.

'నీకు చదవడం వచ్చా?'

రాదు. ఆ సంగతి బయటపడకుండా దాచుకోవడానికే సోఫీ బతుకంతా సరిపోయింది. ఆ రహస్యమే చివరికి నలుగురి ప్రాణాలు తీసింది.

మొదటి వాక్యంలోనే ముగింపు!

ముగింపు ముందే చెప్పేస్తే సినిమా చూసే మజా పోతుందంటారు. ఈ కథకి ఆ భయం లేదు. దీనికి మూలం బ్రిటిష్ రచయిత్రి రూత్ రెండెల్ 1977లో రాసిన నవల 'ఎ జడ్జిమెంట్ ఇన్ స్టోన్'. హత్యలు చేసిందెవరు, చనిపోయిందెవరు, ఎందుకు చంపింది... మూడింటికీ జవాబు నవల మొదటి వాక్యంలోనే చెప్పేసింది రెండెల్. చదవడం, రాయడం రాకపోవడమే కారణమని తేల్చిపారేసింది. నేరస్థులెవరో చివరి పేజీ దాకా దాచిపెట్టే అపరాధ పరిశోధన నవలలకు ఇది పూర్తిగా రివర్సు. 'ఎవరు' అన్నది తెలిసిపోయాక పాఠకుడికి మిగిలేది 'ఎలా' అన్న ప్రశ్నే. మామూలు ఇంట్లో, మామూలు రోజుల్లో, ఒక్కో చిన్న సంఘటనా అంత ఘోరానికి ఎలా దారితీసింది?

ఈ నవలని 1986లో 'ది హౌస్‌కీపర్' పేరుతో ఓసారి సినిమాగా తీశారు. కానీ ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్నది 1995లో ఫ్రెంచి దర్శకుడు క్లోడ్ షాబ్రోల్ తీసిన 'లా సెరిమొనీ'నే. కథని ఇంగ్లండు నుంచి ఫ్రాన్స్ వాయవ్యాన సముద్రతీరంలో ఉన్న బ్రిటనీ ప్రాంతానికి, సాన్ మాలో పట్టణం దరిదాపులకు మార్చాడు. స్క్రీన్‌ప్లేలో కెరొలిన్ ఎలియాచెఫ్ సాయం తీసుకున్నాడు. ఆమె వృత్తిరీత్యా మనోవిశ్లేషకురాలు. మనసు లోతులు తెలిసినవాళ్లు కలంపట్టిన సంగతి ప్రతి సన్నివేశంలోనూ తెలుస్తుంటుంది.

నవలకీ సినిమాకీ ఒక పెద్ద తేడా ఉంది. రెండెల్ మొదటే చెప్పేసిన రహస్యాన్ని షాబ్రోల్ కాసేపు దాచాడు. సోఫీ కాస్త ముభావంగా ఉంటుంది. అడిగినదానికి ముక్తసరిగా జవాబిస్తుంది. కొత్త చోటు కదా, బిడియం కాబోలు అనుకుంటాడు ప్రేక్షకుడు. ఇంటివాళ్లూ అదే అనుకుంటారు.

వంటింట్లో ఓ కాగితం

ఆ ఇంట్లో నలుగురు. ఇంటి పెద్ద జార్జ్ లెలియేవ్ర్ వ్యాపారస్థుడు. ఆయన భార్య క్యాథరిన్ ఆర్ట్ గ్యాలరీ నడుపుతుంది. ఇద్దరికీ ఇది రెండో పెళ్లి. ఆయన కూతురు మెలిండా కాలేజీ అమ్మాయి. ఆమె కొడుకు జీల్‌ది ఇంకా స్కూలు వయసు. హాయిగా కలిసిపోయిన కుటుంబం. ఇంట్లో అరుపులు లేవు, కొట్టడాల్లేవు, జీతం ఎగ్గొట్టడాల్లేవు. పెద్ద గది నిండా పుస్తకాలు. తమకి పెద్ద టీవీ ఉంది కదా అని పాతదాన్ని సోఫీ గదిలో పెట్టిస్తారు. అక్షరాలతో పనిలేని ఆ టీవీయే సోఫీకి నేస్తం. పని అయిపోగానే దాని ముందు కూలబడిపోతుంది.

ఓ రోజు క్యాథరిన్ బయటికి వెళ్తూ తెప్పించాల్సిన సరుకులు కాగితమ్మీద రాసి పెడుతుంది. అంతే! సోఫీ గుండెలో రాయి పడింది. కాగితం పట్టుకుని తన గదిలోకి పరుగెత్తింది. చిన్నపిల్లలు అ ఆలు దిద్దుకునే పుస్తకంలాంటిది ముందేసుకుని, ఒక్కో అక్షరాన్నీ నోటితో పలికి చూస్తూ కుస్తీ పడుతుంది. రాదు. ఎంత చెమటోడ్చినా రాదు. ప్రేక్షకుడికి అసలు సంగతి అర్థమయ్యేది అక్కడే. అప్పటిదాకా అంటీముట్టనట్టు కనిపించిన మనిషి ఒక్కసారిగా వణికిపోతున్న పసిపిల్లలా కనిపిస్తుంది.

అక్కణ్నుంచి ఆ ఇంట్లోని ప్రతి కాగితమూ ఓ బాంబే. జార్జ్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి, ఫలానా ఫైలు మర్చిపోయాను, తీసి ఉంచమంటాడు. ఆయనకి అది అర నిమిషం పని. సోఫీకి మాత్రం గది నిండా ఉన్న ఫైళ్లన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఏం చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేస్తుంది. పొగరు అనుకుంటాడాయన.

మంచితనమే గుచ్చుకుంటే...

సినిమాలో అసలైన పదును ఇక్కడుంది. లెలియేవ్ర్ కుటుంబం దుర్మార్గులైతే కథ చాలా తేలికైపోయేది. దొరసాని వాతలు పెట్టింది, పనిమనిషి పగ తీర్చుకుంది... అలాంటి కథలు లోకంలో కోకొల్లలు. షాబ్రోల్ ఆ దారిన పోలేదు. ఈ ఇంటివాళ్లు సోఫీకి చేసిందంతా మేలే. ఆ మేలులో ప్రతి ఒక్కటీ తిన్నగా వెళ్లి ఆమె పుండు మీదే తగులుతుంది.

కారు నడపడం నేర్చుకో, ఫీజు మేమే కడతాం అంటారు. డ్రైవింగ్ లైసెన్సు అంటే పరీక్ష, పరీక్ష అంటే చదువు. చూపు సరిగ్గా ఆనదని అబద్ధమాడుతుంది సోఫీ. పాపం అనుకుని కళ్ల డాక్టరుకి చూపించుకోమని ఏర్పాటు చేస్తారు. డాక్టరు దగ్గర గోడమీద ఉండేవి అక్షరాలే కదా! అక్కడికి వెళ్లినట్టే వెళ్లి, లోపల అడుగుపెట్టకుండా, దుకాణంలో ఏవో రెడీమేడ్ కళ్లద్దాలు కొని పెట్టుకొస్తుంది. ఒక అబద్ధాన్ని కప్పడానికి మరో అబద్ధం. ఆమె ఎంత గిలగిల్లాడుతోందో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఆమె వంట గురించి మాట్లాడుకుంటారు, పని గురించి మాట్లాడుకుంటారు. ఆమె గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు.

ఆ ఇంట్లో సోఫీని ఎవరూ తిట్టలేదు, అసలు చూడనే లేదు. షాబ్రోల్ చెప్పిన అంతరం ఇదే. డబ్బుతో వచ్చిన తేడా కంటికి కనిపిస్తుంది. చదువుతో వచ్చిన తేడా కనిపించదు. అచ్చులో ఉన్నదాన్ని ఊపిరి పీల్చినంత సులువుగా చదివేసేవాళ్లకి, అది కొండలా అడ్డునిలిచే మనిషి పక్కనే ఉన్నా ఊహకి అందదు.

ఇద్దరూ ఒకటైతే...

ఆ ఊరి పోస్టాఫీసులో ఝాన్ అనే అమ్మాయి పనిచేస్తుంటుంది. వాగుడుకాయ. లెలియేవ్ర్ కుటుంబం అంటే ఆమెకి ఒళ్లుమంట. వాళ్ల ఉత్తరాలు దొంగతనంగా విప్పి చదువుతోందని జార్జ్ అనుమానం. దర్శకుడు కలిపిన జంట చూడండి... ఒకామెకి తన చేతికొచ్చిన చీటీ కూడా చదవడం రాదు. రెండో ఆమె ఊరందరి ఉత్తరాలూ చదివేస్తుంది!

ఇద్దరికీ వెనక ఓ చీకటి గతం ఉంది. సోఫీ తండ్రి ఇల్లు తగలబడి చనిపోయాడు. ఝాన్ నాలుగేళ్ల కూతురు చనిపోయింది. రెండు చావుల్లోనూ వీళ్లమీద అనుమానం వచ్చింది కానీ రుజువు కాలేదు. ఆ సంగతులు ఒకరికొకరు చెప్పుకుని ఇద్దరూ పడీపడీ నవ్వుకునే సన్నివేశం ఒకటుంది. నెత్తురు చుక్క కూడా కనిపించని ఆ సన్నివేశం చూస్తుంటే వెన్నులో చలి పుడుతుంది. ఎవరికి వారుగా ఉన్నంతకాలం వీళ్లు ఏమీ చేసేవాళ్లు కాదేమో. ఒకరి కోపానికి రెండోవారి మౌనం తోడైంది.

ఝాన్ కోపం ఎంత చిన్న విషయాల దగ్గర రాజుకుంటుందో చూపించడంలోనూ షాబ్రోల్ ఘనుడే. ఓసారి దారిలో ఆమె డొక్కు కారు మొరాయిస్తుంది. అటుగా వచ్చిన మెలిండా పెద్దమనసుతో ఆగి, బాగుచేసి పెడుతుంది. చేతికంటిన మడ్డిని ఝాన్ రుమాలుతోనే తుడుచుకుని తిరిగిచ్చేస్తుంది. మెలిండా దృష్టిలో తను సాయం చేసింది. ఝాన్ చేతిలో మిగిలింది మురికి రుమాలు. ఇద్దరి లెక్కా తప్పు కాదు.

ఇకపై ఝాన్ మా గడప తొక్కకూడదని జార్జ్ హుకుం జారీచేస్తాడు. సోఫీకి ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు ఆమె.

'నేను నేర్పిస్తాను...'

సోఫీ రహస్యం చివరికి మెలిండా కంటపడుతుంది. ఆ ఇంట్లో అందరికంటే మంచిపిల్ల ఆమే. ఓ పత్రికలో వచ్చే ప్రశ్నలూ-జవాబుల ఆట ఆడదామంటూ దాన్ని సోఫీకి అందిస్తుంది. చదవలేక సోఫీ కొయ్యబారిపోతుంది. మెలిండా వెక్కిరించదు. అయ్యో, ముందే ఎందుకు చెప్పలేదు, నేను నేర్పిస్తాను అంటుంది.

ప్రేమగా అన్న మాటే. కానీ బతుకంతా దాచుకున్న గాయాన్ని ఎవరో పట్టపగలు విప్పి చూసినట్టయింది సోఫీకి. మెలిండా గర్భవతి అన్న సంగతి ఇంకో ఫోనులో చాటుగా విని ఉందామె. నా విషయం బయటపెట్టావో, నీ విషయం మీ నాన్నకి చెప్తానంటూ బెదిరిస్తుంది. మెలిండా బెదిరిపోదు. తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. వాళ్లు కూతుర్ని కడుపులో పెట్టుకుంటారు, సోఫీని పనిలోంచి తీసేస్తారు.

జార్జ్ స్థానంలో ఏ తండ్రి ఉన్నా చేసేది అదే. అయినా చూస్తున్నవాళ్లకి ఎక్కడో కలుక్కుమంటుంది. ఇద్దరమ్మాయిలకీ చెరో రహస్యం ఉంది. ఒకరి రహస్యం బయటపడితే ఓదార్చడానికి ఇల్లుంది. రెండో ఆమెకి ఉన్న చోటు కూడా పోయింది.

ఆ రాత్రి టీవీలో సంగీతం

ఆ రాత్రి కుటుంబమంతా చక్కగా తయారై టీవీ ముందు కూర్చుంటుంది. మోజార్ట్ సంగీత నాటకం 'డాన్ జొవాన్ని' ప్రసారమవుతోంది. మెలిండా దాన్ని టేప్‌రికార్డర్‌లో రికార్డు చేస్తోంది. 1787లో తొలిసారి ప్రదర్శించిన ఆ నాటకం మొదలయ్యేదే ఓ నౌకరు పాటతో. యజమాని లోపల సుఖపడుతుంటే తాను బయట కాపలా కాయాల్సి వచ్చిందని వాపోతుంటాడు వాడు. ఆ నౌకరు గోడుని పరవశించి వింటున్నవాళ్లకి, తమ ఇంటి మేడమీద ఏం జరుగుతోందో తెలియదు.

సోఫీ, ఝాన్ దొడ్డిదారిన లోపలికొచ్చారు. పడగ్గదిలో పరుపుమీద వేడి చాక్లెట్ పానీయం ఒంపారు. క్యాథరిన్ బట్టలు చించారు. అంతా అల్లరి చేస్తున్న స్కూలు పిల్లల్లా! తర్వాత వేట తుపాకులు చేతికొచ్చాయి. ముందు వంటింట్లో జార్జ్... ఆ తర్వాత పుస్తకాల గదిలో మిగతా ముగ్గురూ.

అందరూ ఒరిగిపోయాక సోఫీ తుపాకీ మరోసారి పేలుతుంది. ఈసారి గురి మనుషులకి కాదు, అల్మరాలో వరసగా పేర్చి ఉన్న పుస్తకాలకి! సినిమా మొత్తానికి తాళంచెవి ఆ ఒక్క షాటే. సోఫీ అసలు శత్రువు ఎవరో అక్కడ తెలుస్తుంది.

దర్శకుడు ఇంకో మెలికా పెట్టాడు. టేప్‌రికార్డర్‌ని ఝాన్ వెంట తీసుకుపోతుంది. దారిలో అదే డొక్కు కారు మళ్లీ ఆగిపోతుంది. చర్చి ఫాదరు కారు వచ్చి గుద్దేస్తుంది. శిథిలాల్లో దొరికిన టేపుని పోలీసులు వేసి చూస్తే, సంగీతం మధ్యలో తుపాకీ మోతలు! చదవడం రాని సోఫీ చుట్టుపక్కల కాగితమ్మీద ఏ ఆధారమూ మిగల్లేదు. పట్టిచ్చింది చెవులతో వినే సాక్ష్యం. దూరం నుంచి అదంతా చూసి, సోఫీ మౌనంగా చీకట్లోకి నడిచి వెళ్లిపోతుంది.

ఇంతకీ ఈ పేరెందుకు పెట్టారు? 'లా సెరిమొనీ' అంటే వేడుక, క్రతువు. ఫ్రాన్సులో పాతరోజుల్లో మరణశిక్ష అమలుచేసే తతంగాన్ని కూడా ఆ మాటతోనే వ్యవహరించేవారట. ఎవరు ఎవరికి వేసిన శిక్ష అన్నది ప్రేక్షకుడే తేల్చుకోవాలి.

నిజ జీవితంలోనూ...

ఫ్రాన్సులో ఇలాంటి కథ వినగానే పెద్దలకి గుర్తొచ్చేది 1933. ఆ ఏడాది ఫిబ్రవరి 2న లె మాన్ పట్టణంలో పపాన్ అక్కచెల్లెళ్లు క్రిస్టీన్, లెయా తాము పనిచేసే ఇంటి యజమానురాలినీ ఆమె కూతుర్నీ దారుణంగా చంపేశారు. దేశం దేశమే అట్టుడికిపోయింది. వాళ్లు రాక్షసులా, అణచివేతకి బలైనవాళ్లా అంటూ మేధావులు వాదించుకున్నారు. ఝాన్ జెనే 1947లో వచ్చిన తన నాటకం 'లే బొన్'కి పనిమనుషుల కథనే ఎంచుకున్నాడు. ఆ జ్ఞాపకం ఉన్న దేశంలో షాబ్రోల్ ఈ సినిమా తీశాడు.

చదువు రాకపోవడం అంత దాచుకోవాల్సిన విషయమా అని మనకి అనిపించొచ్చు. మన బస్టాండుల్లో 'కాస్త ఆ బోర్డు చూసి చెప్పు బాబూ, నాకు చదువు రాదు' అని అడిగేవాళ్లు కొత్తేం కాదు. సంతకం రానివాళ్లకి వేలిముద్ర ఉండనే ఉంది. ఫ్రాన్సులో పరిస్థితి వేరు. 1882లోనే చట్టం తెచ్చి పిల్లలందరికీ చదువుని తప్పనిసరి చేసిన దేశమది. అందరికీ వచ్చినది తనకొక్కదానికే రాలేదంటే, దాన్ని మించిన తలవంపు ఇంకోటి ఉండదు. బడికి వెళ్లినా చదవడం వంటబట్టని ఇలాంటివాళ్ల కోసమే 'ఇలెట్రిస్మ్' అనే కొత్త మాటని 1970ల చివర్లో అక్కడ పేదల కోసం పనిచేసే ఓ సంస్థ పుట్టించింది. ఆ మాట వచ్చేదాకా ఆ బాధకి పేరు కూడా లేదు.

నవ్వుతూ కోసేవాడు

1930లో పుట్టిన షాబ్రోల్ ముందు సినిమా విమర్శకుడు. హిచ్‌కాక్ మీద తోటి విమర్శకుడు ఎరిక్ రోమర్‌తో కలిసి 1957లో ఓ పుస్తకం రాశాడు. మరుసటి ఏడాదే 'లె బో సెర్జ్' తీసి దర్శకుడయ్యాడు. ఫ్రెంచి న్యూవేవ్ సినిమాకి బాట వేసినవారిలో ఒకడు. ఉన్నవాళ్ల ఇళ్లలో భోజనాల బల్లల దగ్గర, మర్యాదల మాటున దాగే కుళ్లుని బయటికి లాగడం ఆయనకి ఇష్టమైన పని. 'లా సెరిమొనీ'ని 'చిట్టచివరి మార్క్సిస్టు సినిమా' అంటూ సరదాగా చెప్పుకొచ్చాడు. సోవియట్ యూనియన్ కూలిపోయి నాలుగేళ్లయినా కాలేదప్పటికి. వర్గాలన్నవి ఇక లేవు అంటున్న రోజుల్లో, వంటింటికీ హాలుకీ మధ్య ఉన్న దూరాన్ని చూపించాడు. 2010లో కన్నుమూశాడు.

సోఫీగా సాండ్రిన్ బొనేర్, ఝాన్‌గా ఇసబెల్ ఉప్పేర్ నటించారు. రాయిలాంటి మొహంతో ఒకరు, పాదరసంలా మరొకరు. ఎవరు గొప్ప అని తేల్చలేక 1995 వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అవార్డుని ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఫ్రాన్సులో ప్రతిష్ఠాత్మకమైన సీజర్ అవార్డు మరుసటి ఏడాది ఉప్పేర్‌ని వరించింది.

ఈ సినిమా నీడ మన కాలం దాకా పాకింది. కొరియా సినిమా 'పారసైట్' 2019లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం అందుకున్నప్పుడు, వేదికమీద దర్శకుడు బాంగ్ జూన్ హో పేరుపెట్టి కృతజ్ఞతలు చెప్పుకున్న ఫ్రెంచి దర్శకులు ఇద్దరే. ఒకరు హెన్రీ జార్జ్ క్లూజో, రెండో ఆయన షాబ్రోల్. 'పారసైట్'లో ధనవంతుల కుటుంబమూ చెడ్డది కాదు. ఓ పేదవాడి ఒంటి వాసనకి ఆ యజమాని ముక్కు మూసుకోవడమే అక్కడ నిప్పురవ్వ అయింది. ఇక్కడ ఓ సరుకుల చీటీ.

హంతకుల్ని షాబ్రోల్ వెనకేసుకు రాలేదు. నేర్పిస్తానన్న మెలిండా చావు చూశాక సోఫీది న్యాయమేనని ఎవరూ అనలేరు. అలాగని ఇంటివాళ్ల తప్పేమీ లేదనుకుని నిశ్చింతగా టీవీ కట్టేయలేరు కూడా. తుపాకీ మోతలు, నెత్తురు ఉన్నాయి కాబట్టి పిల్లలతో కలిసి చూసే సినిమా కాదు. పెద్దలు మాత్రం ఓ రెండు గంటలు తీరిక చేసుకోవచ్చు.

చూశాక, మర్నాడు పనికొచ్చిన మనిషికి ఏదైనా కాగితం అందించబోయే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణం క్యాథరిన్ ఆగలేదు.